జపాను ముసుగు వీరుల కథలు: పిల్లలవా, పెద్దలవా?

గత విద్యా సంవత్సరములో ఒకనాటి మధ్యాహ్నము మేము డిగ్రీ రెండవ సంవత్సరపు తరగతిలో అడుగు పెట్టినప్పుడు, వెనుక వరుసలో ఇద్దరు విద్యార్థులు ఒకే సెల్‌ఫోను మీదికి వంగి ఏదో చూచుచుండుట మా కంటబడినది. మమ్ము చూడగానే ఒకడు ఫోను దాచబోయినాడు. ఏమి చూచుచున్నారని అడిగినాము. "ఏం లేదు సార్, జపాను వాళ్ళది. ముసుగు వేసుకొని కొట్టుకుంటారు. చిన్నపిల్లల షో, ఊరికే చూస్తున్నాం" అని వాడు తల వంచుకొన్నాడు. ప్రక్కనున్నవాడు ఊరుకొనలేదు. "చిన్నపిల్లలది కాదు సార్. పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళకే అని ముందే వేస్తారు. రక్తం, చావులు, అన్నీ ఉంటాయి" అన్నాడు.

ఒకడు సిగ్గుపడినాడు, ఒకడు గర్వపడినాడు. ఆ పూట పాఠము యథావిధిగా సాగినది గాని, ఆ రెండు సమాధానములు మా మనస్సులో నిలిచిపోయినవి. ఒకే కథను ఒకడు పిల్లల ఆటగా, మరొకడు పెద్దల వస్తువుగా ఏల చూచినాడు? ఈ ప్రశ్నతో కొన్ని నెలల పాటు ఆ జపాను చిత్రములను తీరిక దొరికినప్పుడెల్ల చూచినాము. చూచి తెలిసికొన్న విషయమును మన విద్యార్థుల ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు ఉంచుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఈ కళ ఎట్టిది?

ఈ జాతి చిత్రములను జపాను భాషలో "తొకుసాత్సు" అందురు. ప్రత్యేక చిత్రీకరణము అను అర్థము గల మాటలకు అది సంక్షిప్త రూపము. ఇవి బొమ్మలు గీసి కదిలించిన కార్టూనులు కావు. సజీవులైన నటులు రబ్బరు తొడుగులలో దూరి, చేతితో కట్టిన చిన్న చిన్న నగరముల నడుమ నిలిచి నటించిన చిత్రములు. కెమెరాను సాధారణ వేగము కంటె హెచ్చు వేగముతో నడిపి చిత్రించి, మామూలు వేగముతో ప్రదర్శించినచో, జానెడు గోడ కూలుట కూడ మహాసౌధము కూలినట్లు నిదానముగా, బరువుగా కనబడును. ఈ విద్యలో ఆరితేరినవాడు త్సుబురాయా ఏజీ.

1954 నవంబరులో విడుదలయైన "గాడ్జిల్లా" చిత్రముతో ఈ కళకు ప్రపంచ ఖ్యాతి వచ్చినది. దర్శకుడు హోండా ఇషిరో, మాయాదృశ్యములు త్సుబురాయావి. అదే సంవత్సరము మార్చి నెలలో పసిఫిక్ సముద్రమునందలి బికినీ దీవి చెంత అమెరికా జరిపిన హైడ్రోజను బాంబు పరీక్ష బూడిద ఒక జపాను చేపల పడవపై కురిసినది. పడవలోనివారు జబ్బుపడినారు, సెప్టెంబరులో ఒకరు మరణించినారు. హిరోషిమా, నాగసాకి గాయములు మానకముందే తగిలిన ఈ దెబ్బయే ఆ చిత్రమునకు ప్రాణము. ఈ కళకు పేరు తెచ్చిన తొలి చిత్రము పెద్దల దుఃఖము నుండి పుట్టినదే గాని పిల్లల వినోదము కొరకు పుట్టినది కాదని ఇందువలన గ్రహింపవచ్చును.

టెలివిజను వచ్చిన పిమ్మట వీరులు వచ్చినారు. 1958లో "గెక్కో కామెన్", అనగా వెన్నెల ముసుగువాడు, తెల్లని వస్త్రములతో మోటారు సైకిలుపై వచ్చినాడు. పిల్లలు ఆయనను అనుకరించి ఎత్తైన చోట్ల నుండి దూకి గాయపడుచున్నారని విమర్శలు చెలరేగినవి. 1959లో ఆ కార్యక్రమము ముగిసినది. 1966 జూలైలో "అల్ట్రామన్" ప్రారంభమైనది. నక్షత్రలోకము నుండి వచ్చి, భూమిపై మూడు నిమిషములు మాత్రమే నిలువగలిగిన మహాకాయుని కథ అది. 1971 ఏప్రిల్‌లో చిత్రకథల రచయిత ఇషినోమోరి షోతారో కల్పించిన "కామెన్ రైడర్", అనగా ముసుగు రౌతు, వచ్చినాడు. ఇతడు దుష్టసంఘము చేత చిక్కి, వారి శస్త్రచికిత్స వలన సగము మిడతగా మారి, తప్పించుకొని వారిపైననే తిరుగబడిన యువకుడు. 1975లో ఐదు రంగుల ఐదుగురు వీరులు గల "గోరెంజర్" వచ్చినది. తరువాత వచ్చిన వందలాది వీరులలో అనేకులు ఈ మూడు వంశముల వారే.

పిల్లలవే అను వారి మాట

ఈ కథలు పసివారివే అని తేల్చువారు చూపు కారణములు నిర్లక్ష్యము చేయదగినవి కావు. వేషము రబ్బరుదని తెలిసిపోవుచునే ఉండును. అరగంటలో రాక్షసుడు వచ్చుట, వీరుడు చేతులు త్రిప్పి రూపము మార్చుకొనుట, దెబ్బ పేరు బిగ్గరగా పలికి కొట్టుట, రాక్షసుడు పేలిపోవుట వారము వారము తప్పక జరుగును. దీనికి తోడు బొమ్మల వ్యాపారము. వీరుడు క్రొత్త ఆయుధము పట్టిన వెంటనే దాని నమూనా అంగడిలో వెలయును. కామెన్ రైడర్ తొలి ప్రసార కాలములో వీరుల చిత్రముల కార్డులను ఒక చిరుతిండి పొట్లముతో కలిపి అమ్మగా, పిల్లలు కార్డులు తీసికొని తినుబండారమును పారవేయుట జపానులో పెద్ద సామాజిక సమస్యయై కూర్చున్నది.

అయితే ఈ కారణములలో ఒక్కటియు కథ లోపలికి పోలేదు. అన్నియు గుమ్మము వద్దనే నిలిచినవి. పునరుక్తి ఉన్నంత మాత్రమున కళ పసిది కాదు. మన తోలుబొమ్మలాటలో ప్రతి పాత్రయు తెర మీదికి వచ్చి తన్ను తాను పరిచయము చేసికొనును. దానిని మనము బాల్యచేష్ట అనము. జపాను వారి కబుకీ నాటకములోను ఇదే పద్ధతి కలదు. 1862లో కవతకే మొకుఆమి వ్రాసిన ఒక నాటకములో ఐదుగురు దొంగలు వరుసగా నిలిచి, ఒక్కొక్కరు తమ పేరును, చరిత్రను చెప్పుకొను ఘట్టము మిక్కిలి ప్రసిద్ధము. రంగుల వీరులు ఐదుగురు వరుసగా నిలిచి పేర్లు చెప్పుకొను దృశ్యమునకు అది తాతవంటిది. తన నాటక సంప్రదాయము తెలిసిన జపాను వృద్ధునకు ఆ దృశ్యము పరిచితము. తెలియని పరదేశికి అది కోతిచేష్ట.

మరియొక సంగతి. అల్ట్రామన్ ఆదివారము సాయంకాలము ఏడు గంటలకు ప్రసారమైనది. ఖర్చు భరించినది బొమ్మల సంస్థ కాదు, తకేదా అను మందుల కంపెనీ. టెలివిజను చూచు ఇండ్లలో సగటున నూటికి ముప్పదియారింటికి పైగా ఆ కార్యక్రమమే నడచినది. ఇంటికి ఒకే టెలివిజను ఉన్న ఆ రోజులలో పిల్లవాడు చూచినదే తండ్రియు, అవ్వయు చూచినారు. రచయితలకు ఈ సంగతి తెలియును. కనుక వారు పిల్లవానికి అర్థమగునట్లు చెప్పుచునే, వాని వెనుక కూర్చున్న తండ్రి ఉలికిపడునట్లు వ్రాసినారు.

జమీలా, కనయామా

దీనికి రెండు ఉదాహరణలు చూపుదుము.

మొదటిది 1966 డిసెంబరులో ప్రసారమైన అల్ట్రామన్ ఇరువది మూడవ భాగము. రచయిత ససాకి మమోరు, దర్శకుడు జిస్సోజి అకియో. ఒక దేశము అంతరిక్షమునకు పంపిన వ్యోమగామి దారి తప్పి, నీటిచుక్క లేని గ్రహమున పడినాడు. అతని దేశము తన వైఫల్యము బయట పడునని అతనిని వెదకక విడిచిపెట్టినది. ఆ గ్రహమున అతని దేహము వికృతమై రాక్షసాకారము దాల్చినది. పగతో భూమికి తిరిగి వచ్చిన అతని పేరు జమీలా.

ఉర్దూ తెలిసిన మన విద్యార్థులకు ఈ పేరు వినగానే ఆశ్చర్యము కలుగకపోదు. సుందరమైనది అను అర్థము గల పేరు ఆ వికృతాకారమునకు! అల్జీరియా స్వాతంత్ర్య పోరాటములో 1960లో పట్టుబడి, ఫ్రెంచి సైనికుల చేత చిత్రహింసలు పడిన జమీలా బూపాషా అను యువతి పేరు నుండి ఇది గ్రహింపబడినదని చెప్పుదురు.

రక్షకదళమునకు పై నుండి వచ్చిన ఆజ్ఞ ఏమన: ఇతడు మనిషియను సంగతి లోకమునకు తెలియనీయక, రాక్షసునిగానే చంపవలెను. దళములోని ఇదే అను యువకుడు మొదట ఆయుధమెత్తుటకు నిరాకరించినాడు. చివరకు అల్ట్రామన్ నీటిధారతో జమీలాను చంపినాడు. ఒకప్పుడు నీటికై అలమటించిన ప్రాణి నీటి వలననే చచ్చుట ఎంతటి విపరీతము! బురదలో పొర్లుచు, సమావేశ మందిరము ముందరి దేశదేశముల జెండాల వైపు ప్రాకుచు, పసిబిడ్డ ఏడ్పువంటి అరపుతో అతడు ప్రాణము విడిచినాడు. పిమ్మట పెద్దలు అతని త్యాగమును పొగడుచు ఒక ఫలకమును నిలిపినారు. బలియైనవారికి ఎప్పుడును మాటల అందమే మిగులునని ఇదే గొణిగినాడు. వీరుడు గెలిచినాడు. కాని ఆ గెలుపునకు చప్పట్లు కొట్టుటకు చేతులు రావు.

రెండవది 1971 నవంబరులో వచ్చిన "తిరిగి వచ్చిన అల్ట్రామన్" ముప్పది మూడవ భాగము. దీనిని వ్రాసిన ఉయెహారా షోజో ఒకినావా దీవివాడు. రెండవ ప్రపంచ యుద్ధానంతరము ఒకినావా అమెరికా ఏలుబడిలో నుండి, 1972లో గాని జపానునకు తిరిగి చేరలేదు. ఒకినావా వాడు టోక్యోకు వచ్చుటకు సైతము అనుమతి పత్రములు కావలసిన రోజులవి. తన దేశమే అనుకొన్న చోట పరాయివానిగా చూడబడుట ఎట్లుండునో ఉయెహారా ఎరుగును.

కథలో ఒక అనాథ బాలుడు నదీతీరమున పాడుబడిన చోట నివసించుచు, ప్రతిదినము నేలను త్రవ్వుచుండును. వాడు అంతరిక్షవాసి అని ఊరిలో పుకారు పుట్టినది. తోటి పిల్లలు వానిని మెడ వరకు మట్టిలో పాతి, బురదనీరు పోసినారు. వాడు వండుకొన్న గంజికుండను తన్నినారు. రొట్టెల దుకాణమునకు పోగా అచ్చటి స్త్రీ రొట్టె లేదు పొమ్మన్నది. వాడు వెనుదిరిగి పోవుచుండగా ఆ ఇంటి పడుచు పరుగెత్తుకొని వచ్చి రొట్టె చేతిలో పెట్టినది. జాలిపడి ఇచ్చితివా అని వాడు బింకముగా అడిగినప్పుడు ఆమె ఇచ్చిన సమాధానము సారాంశము ఇది: మాది రొట్టెల దుకాణము, అందుకే ఇచ్చితిని.

నిజమునకు అంతరిక్షవాసి ఆ బాలుడు కాదు. వానిని చేరదీసి కాపాడిన కనయామా అను వృద్ధుడు. భూమిని పరిశీలింప వచ్చి, వాతావరణ కాలుష్యము వలన జబ్బుపడి, తన నౌకను పాతిన చోటును కూడ తెలియలేని స్థితికి వచ్చినాడు. ఆ నౌక కొరకే బాలుని త్రవ్వకము. ఒకనాడు ఊరివారు గుమిగూడి బాలుని ఈడ్చుకొని పోవుచుండగా, వృద్ధుడు బయటికి వచ్చి అంతరిక్షవాసిని నేనని చెప్పినాడు. తుపాకి పేలినది; ఆయన నేల కూలినాడు. ఆయన తన శక్తితో అణచియుంచిన రాక్షసుడు ఆ క్షణముననే విడివడినాడు. అంతవరకు చంపుడని కేకలు వేసినవారే ఇప్పుడు రక్షింపుడని కేకలు వేసినారు. వీరుడైన యువకునకు కాలు కదలలేదు. ఈ రాక్షసుని విడిపించినది మీరే గదా అని అతని బాధ. చివరకు వానలో యుద్ధము చేసి గెలిచినాడు. బాలుడు మాత్రము నేలను త్రవ్వుచునే ఉన్నాడు. కథ అచ్చటనే ముగిసినది.

1923 సెప్టెంబరు 1న టోక్యో ప్రాంతమున వచ్చిన మహా భూకంపము తరువాత, కొరియా వారు బావులలో విషము కలుపుచున్నారను వదంతి పుట్టి, వేలాది అమాయకులు గుంపుల చేతిలో ప్రాణములు కోల్పోయినారు. కనయామా అను పేరు జపానులో స్థిరపడిన కొరియా వారు ధరించిన జపాను పేర్లలో ఒకటి. పిల్లవానికి ఈ చరిత్ర తెలియదు. ఐనను పుకారు మనిషిని ఎట్లు చంపునో వానికి తెలిసినది. పెద్దవానికి చరిత్ర తెలియును. కనుక తల దించుకొన్నాడు.

ఇంతటి బరువు ఎత్తుకొన్నంత మాత్రమున ప్రతి ప్రయత్నము ఫలింపదు. 1967లో ప్రసారమైన "అల్ట్రాసెవెన్" పన్నెండవ భాగములోని అంతరిక్షవాసులను, తరువాత 1970లో ఒక పిల్లల పత్రిక అనుబంధము అణుబాంబు బాధితులను సూచించు పేరుతో ముద్రించినది. బాధితుల పక్షమున గట్టి నిరసన లేచినది. నిర్మాతలు ఆ భాగమును ఉపసంహరించినారు. పిల్లల కథయే గదా అని ఆ నిరసనకారులు ఊరుకొనలేదు. ఆ కథ పిల్లల మనస్సులో ఏమి నాటునో వారికి తెలియును.

పెద్దలవే అను వారి మాట

ఇక రెండవ విద్యార్థి గర్వమును పరిశీలింతము. ఈ కళాభిమానులలో పెద్దవారైన పలువురు, తమ అభిమానమునకు లోకము నవ్వునేమో అను బెదురుతో, ఇవి పెద్దల కథలే అని రుజువు చేయ ప్రయత్నింతురు. వారు చూపు రుజువులు సాధారణముగా చీకటి, రక్తము, మరణము, శృంగారము. కామెన్ రైడర్ తొలి పదుమూడు భాగములు భయానక ఛాయలో నడచినవి. నటుడు ఫుజియోకా హిరోషి మోటారు సైకిలు ప్రమాదములో కాలు విరుగగొట్టుకొనగా, పదునాలుగవ భాగము నుండి వేరొక వీరుడు, వెలుతురు, హాస్యము ప్రవేశించినవి. పిల్లలు వీథులలో అనుకరించిన రూపపరివర్తన భంగిమ అప్పుడు వచ్చినదే. చీకటి భాగములే ప్రౌఢమైనవనియు, తరువాతివి పిల్లలకు లొంగిపోయినవనియు చెప్పువారు కలరు.

1991లో వచ్చిన "జెట్‌మన్"లో రంగుల వీరుల నడుమ ముక్కోణపు ప్రేమను ప్రధాన రచయిత ఇనోవె తోషికి ప్రవేశపెట్టినాడు. లోకమును రక్షించిన వీరులలో ఒకడు చివరి భాగమున మిత్రుని పెండ్లికి పూలు కొని పోవుచు, దారిలో ఒక చిల్లరదొంగ కత్తికి గురియై మరణించుట ఆనాటి ప్రేక్షకులను నిర్విణ్ణులను చేసినది. 2002 నాటి "ర్యూకి"లో ముసుగు రౌతులు ఒకరినొకరు చంపుకొన్నారు. 2005లో "గారో" అర్ధరాత్రి వేళ పెద్దల కొరకే ప్రసారమైనది. 2022లో షిరాఇషి కజూయా దర్శకత్వమున వచ్చిన "కామెన్ రైడర్ బ్లాక్ సన్" పది భాగములు పద్దెనిమిదేండ్లు నిండినవారికే అను ముద్రతో వెలువడినవి. మన విద్యార్థి చూచినది ఇదే.

ఇక్కడ మాకు రెండు ఉర్దూ మాటలు అక్కరకు వచ్చినవి. వయసు వచ్చినవానిని "బాలిగ్" అందురు. పండిన బుద్ధి గలవానిని "పుఖ్తా" అందురు. బాలిగ్ అగుటకు కాలము గడచిన చాలును. పుఖ్తా అగుటకు కాలమొక్కటి చాలదు. మన తెలుగులో ప్రౌఢత అను ఒకే మాట రెండు అర్థములను మోయుటచే మనము తరచు పొరబడుచుందుము. పద్దెనిమిదేండ్ల ముద్ర బాలిగ్ అయినవానికి మాత్రమే ప్రవేశమని చెప్పును. లోపల ఉన్నది పుఖ్తా అని ఆ ముద్ర హామీ ఇయ్యదు.

బ్లాక్ సన్‌ను తక్కువ చేయుట మా అభిమతము కాదు. మనుష్యుల నడుమ నివసించు వికృత జాతివారిపై చూపు ద్వేషము, ఆ ద్వేషమును అధికారము కొరకు వాడుకొను నాయకులు అందలి విషయము, అది గంభీరమైనదే. కాని కనయామా కథ విషయము కూడ అదే గదా! అది పిల్లల వేళలో, రక్తపు మడుగులు లేక, అరగంటలో చెప్పబడినది. కావున గాంభీర్యమునకు రక్తము ఆధారము కాదని స్పష్టము.

చీకటికిని ప్రౌఢతకును గల తేడాను 2000 జనవరి మొదలు ఒక సంవత్సరము నడచిన "కామెన్ రైడర్ కూగా" చక్కగా చూపినది. ఇందులోని రాక్షసజాతి మనుష్యులను ఒక ఆటగా, లెక్కపెట్టి చంపుచుండును. ఆ దృశ్యములు పిల్లల కార్యక్రమమునకు మించినవని తల్లిదండ్రుల నుండి ఫిర్యాదులు కూడ వచ్చినవి. ఐనను ఆ కథ ప్రౌఢత హత్యలలో లేదు. ఓదగిరి జో ధరించిన వీరుని పాత్ర నవ్వుముఖము గల యువకుడు. ఇతరుల ముఖములపై నవ్వును కాపాడుటకే పోరాటమునకు దిగినవాడు. తన పిడికిలితో ఒకరిని కొట్టుట అతనికి గిట్టదు. అంతిమ యుద్ధములో శక్తులు ఉడిగి, ముసుగులు పోయి, ఇద్దరు మనుష్యులు మంచులో పిడికిళ్ళతో కొట్టుకొందురు. రాక్షసుడు నవ్వుచు కొట్టును; వీరుడు ఏడ్చుచు కొట్టును. ఆ తరువాతి చివరి భాగములో యుద్ధమే లేదు. మిగిలినవారు అతని గురించి తలచుకొందురు. అతడు దూరదేశపు సముద్రతీరమున పిల్లల నడుమ కనబడును. కొట్టిన దెబ్బకు కొట్టినవాడును మూల్యము చెల్లించునని పిల్లలకు ఇంతకంటె సూటిగా చెప్పిన కథ మేమెరుగము.

చూచువాని కన్ను

కథ ఒకటే ఐనను చూచువాని స్థితిని బట్టి దాని వయసు మారుచుండును. తన బాల్యములో చూచిన వీరుడే గంభీరుడనియు, ఇప్పటివారు బొమ్మలమ్ముకొనువారనియు ప్రతి తరము చెప్పును. కార్డుల కొరకు తినుబండారము పారవేసిన 1971 నాటి పిల్లలే పెద్దవారై, నేటి వీరుల బొమ్మలను చూచి పెదవి విరచుట విచిత్రము.

దేశము మారినప్పుడు కూడ ఇట్లే జరుగును. 1992లో జపానులో వచ్చిన "జ్యూరేంజర్" పోరాట దృశ్యములను తీసికొని, తమ నటులతో తక్కిన కథను చిత్రించి, అమెరికా వారు 1993లో "పవర్ రేంజర్స్" తయారుచేసినారు. జపాను కథలో ఆకుపచ్చ వీరుడు ఆయువు తీరి మరణించినాడు. అమెరికా కథలో అతడు శక్తిని మాత్రము పోగొట్టుకొని, తెల్లని వీరుడై తిరిగి వచ్చినాడు. అమెరికా రూపమును మాత్రమే చూచినవారు ఈ జాతి కథలన్నియు పసివనుకొన్నారు. అట్టివారిలో కొందరు తరువాత మూలమును చూచి, ఒక్క మరణము కనబడగానే, ఇవి అన్నియు పెద్దల కథలే అని రెండవ కొసకు పోయినారు. సత్యము రెండు కొసలలోను లేదు.

మన పెద్దలకు కూడ ఇందులో ఒక అనుభవము కలదు. 1967లో జపానులో మొదలైన "జెయింట్ రోబో" అను కథ 1980లలో మన దూరదర్శన్‌లో ప్రసారమైనది. చేతి గడియారములో మాటాడి మహా యంత్రమును నడుపు బాలుని కథ అది. చివర ఆ యంత్రము బాలుని ఆజ్ఞను మొదటిసారి మీరి, శత్రువును పట్టుకొని అంతరిక్షమునకు ఎగిరి, తానును నశించినది. ఆనాడు పిల్లలుగా చూచినవారు ఆ ఘట్టమును ఈనాటికిని మరువలేదని మాతో చెప్పినారు. కథలో తక్కినది ఏదియు వారికి సరిగా గుర్తు లేదు. ఆజ్ఞను పాలించుట కంటె ప్రేమించుట గొప్పదైన క్షణము ఒక్కటి మాత్రము గుర్తున్నది.

కథకు వయసు కట్టుట క్రొత్త సంగతియు కాదు. ఉర్దూలోని అమీర్ హమ్జా దాస్తానులను ఒకప్పుడు లక్నో నగరములో పెద్దలు గుమిగూడి రాత్రుల తరబడి వినెడివారు. మున్షీ నవల్ కిషోర్ ముద్రణాలయము వాటిని నలుబదియారు సంపుటములుగా అచ్చువేసినది. మాయలు, మాంత్రికులు, వేషములు మార్చు అయ్యారులు గల ఆ కథలే సంక్షిప్తములై తరువాత పిల్లల పుస్తకములైనవి. కథ మారలేదు, దానిని ఎవరి ఒడిలో పెట్టవలెనను లోకాభిప్రాయము మారినది.

కొలత ఏది?

అట్లైన కథ ప్రౌఢమైనదా కాదా అని దేనితో కొలుచుట? మేము చూచిన వాటిని బట్టి మాకు తోచినది చెప్పుదుము. దుష్టుడు దుష్టుడైనందుకు కథ ఒక కారణమును వెదకినదా? జమీలాను రాక్షసుని చేసినది ఒక రాజ్యము. వీరుడు కొట్టిన దెబ్బ వానికి ఏమైన నష్టము కలిగించినదా? కూగా కన్నీరు అట్టిది. గెలుపు తరువాత తీరని బాకీ ఏదైన మిగిలినదా? నేలను త్రవ్వుచున్న బాలుడు ఆ బాకీ. ఈ ప్రశ్నలకు జవాబు గల కథ ఉదయము పిల్లల వేళలో వచ్చినను పుఖ్తా. జవాబు లేని కథ అర్ధరాత్రి వచ్చినను, దానిలో ఎంత రక్తము పారినను, వయసు వచ్చిన పసిదే.

ఇందులో ఇంకొక సంగతి ఇమిడి ఉన్నది. పిల్లలకని చెప్పగానే నిజమును పలుచన చేసి పోయవలెనని మనలో చాలమంది తలచుచున్నారు. ఉయెహారా, ససాకి అట్లు తలపలేదు. పుకారు మనిషిని చంపును, రాజ్యము తన బిడ్డను మరువగలదు అను మాటలు ఎనిమిదేండ్లవానికి చెప్పదగినవనియే వారు నమ్మినారు. ఏలయన, ఆ పిల్లవాడు రేపు గుంపులో ఒకడై నిలువవలసి రావచ్చును. అప్పుడు వాని చేతిలో రాయి ఉండునా, రొట్టె ఉండునా అనునది కొంతవరకు నేడు వినిన కథపై ఆధారపడి ఉండును. మన విద్యార్థులలో రేపు ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు కాబోవువారు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను.

ఫోను దాచబోయిన విద్యార్థిని ఆ తరువాత ఒకనాడు పిలిచి, రొట్టెల దుకాణపు కథను చూపినాము. చూచిన తరువాత వాడు కొంతసేపు మాటాడలేదు. "ఆ పిల్లవాడికి నౌక దొరుకుతుందా సార్?" అని అడిగినాడు. కథలో చెప్పలేదన్నాము. "అయితే ఇంకా తవ్వుతూనే ఉంటాడు" అన్నాడు. ఇది చిన్నపిల్లల షోయా, పెద్దలదా అని మేము వానిని మరల అడుగలేదు.